చిరుతిండి పొట్లం చెప్పని సంగతి



ఈరోజు నేను మాట్లాడబోయేది ఆల్ఫా-గాల్ అనే ఒక ఎలర్జీ గురించి. అమెరికాలో నార్త్ కరోలినా, వర్జీనియా, మిస్సోరీ, ఆర్కన్సా వైపు స్థిరపడిన మన తెలుగువాళ్ళలో కొందరు ఈ పేరు వినే ఉంటారు. ఇక్కడ మన ఊళ్ళలో ఉండి, అక్కడి పిల్లలకు పచ్చళ్ళూ పొడులూ కారప్పూసా కట్టి పంపే తల్లిదండ్రులకు మాత్రం ఇది కొత్త పేరే కావచ్చు. నా మాటలు ఇద్దరి కోసమూ.

ఈ ఎలర్జీ ఉన్నవాళ్ళకు ఇంట్లో వండుకునే అన్నం, కూరలతో అంత చిక్కు ఉండదు. మటన్, బీఫ్, పోర్క్ మానాలి. కోడి, చేప, రొయ్య, గుడ్డు తినవచ్చు. ఆ మాట ఒకసారి తలకెక్కితే వంటిల్లు దారిలో పడుతుంది. చిక్కంతా బయట కొనే చిరుతిండితో. చిప్స్, బిస్కెట్లు, పిల్లలు చప్పరించే గమ్మీ బిళ్ళలు, బడి సంచిలో పెట్టే గ్రనోలా బార్లు, ఆఫీసులో ఎవరో చేతిలో పెట్టే చాక్లెట్టు, ఇవన్నీ. వాటి వెనక సన్నక్షరాల్లో పదార్థాలన్నీ రాసే ఉంటాయి. అయినా మనకు కావలసిన సంగతి అందులో చాలాసార్లు దొరకదు. ఎందుకు దొరకదో, దొరకనప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను.

ముందు అసలు విషయం. ఆల్ఫా-గాల్ అంటే ఒక రకం చక్కెర. మనం కాఫీలో వేసుకునేది కాదు, జంతువుల కణాల మీద ఉండేది. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, జింక, కుందేలు, ఇలా పిల్లలకు పాలిచ్చే జంతువుల్లో దాదాపు అన్నిట్లోనూ ఇది ఉంటుంది. మనుషుల్లో ఉండదు. పక్షుల్లో, చేపల్లో ఉండదు. మన ఒంటికి అది పరాయిదే, కానీ మాంసంతో పాటు కడుపులోకి వెళ్ళినంత మాత్రాన మామూలుగా ఏ గొడవా ఉండదు. గొడవ పెట్టేది ఒక పిడుదు. అమెరికా దక్షిణ, తూర్పు రాష్ట్రాల్లో, నడుమనున్న రాష్ట్రాల్లో గడ్డిలోనూ పొదల్లోనూ లోన్ స్టార్ అనే పిడుదు ఉంటుంది. మన పల్లెల్లో పశువుల్ని పట్టే గోమార్లు లేవూ, వాటి బంధువే. ఎదిగిన ఆడపిడుదు వీపు మీద ఒక తెల్లచుక్క కనిపిస్తుంది. అది కుట్టినప్పుడు కొందరి ఒంట్లో ఈ చక్కెర మీద ఐజీఈ అనే యాంటీబాడీలు పుడతాయి. ఆ తర్వాత మటన్ తిన్నా, పంది కొవ్వులో వేగిన చిరుతిండి తిన్నా ఒళ్ళు తిరగబడుతుంది.

అదీ వెంటనే కాదు. వేరుసెనగ పడనివాళ్ళకు తిన్న నిమిషాల్లో పెదాలు ఉబ్బుతాయి. దీనికి రెండు గంటల నుంచి ఆరు గంటల దాకా పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి తింటే ఒంటిగంటకో రెండింటికో అరిచేతుల్లో దురద మొదలవుతుంది, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. కొందరికి దద్దురు ఒక్కటీ రాదు, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు మాత్రమే. ముదిరితే ఊపిరి ఆడదు, బీపీ పడిపోతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. ఈ ఆలస్యం ఎందుకంటే, మాంసంలోని కొవ్వుకు అంటుకుని ఉన్న ఆల్ఫా-గాల్ కొవ్వుతో పాటే మెల్లగా అరిగి రక్తంలోకి వస్తుందన్నది పరిశోధకులు ఎక్కువగా నమ్ముతున్న వివరణ. కొవ్వు ఎక్కువున్న తిండి ఎక్కువ బాధిస్తుందన్న రోగుల అనుభవం కూడా దానికి సరిపోతుంది.

ఈ జబ్బు బయటపడిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 2000 తర్వాతి సంవత్సరాల్లో సెటుక్సిమాబ్ అనే కేన్సర్ మందు వాడుకలోకి వచ్చింది. మిగతా చోట్ల ఎక్కువమంది ఇబ్బంది లేకుండా తీసుకున్న ఆ మందు టెనెసీ, నార్త్ కరోలినా రోగుల్లో మాత్రం నూటికి 22 మందికి తీవ్రమైన ఎలర్జీ తెచ్చిందని 2007లో అక్కడి వైద్యులు ప్రచురించారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం కారణం వెతికింది. ఆ మందును ఎలుక కణాల్లో తయారుచేస్తారు, దాని మీద ఆల్ఫా-గాల్ ఉంది, ఈ రోగుల రక్తంలో ఆ చక్కెరకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉన్నాయి అని 2008లో తేల్చారు. ఆ ప్రాంతమే ఎందుకన్న ప్రశ్న పిడుదు దగ్గరికి తీసుకెళ్ళింది. ప్లాట్స్-మిల్స్‌ను కూడా కొండల్లో నడకకు వెళ్ళినప్పుడు పిడుదులు కుట్టాయి, ఆ తర్వాత ఒక రాత్రి గొర్రెమాంసం తిన్న కొన్ని గంటలకు ఆయనకే దద్దుర్లు లేచాయి. 2009లో ఆయన, స్కాట్ కామిన్స్, మరికొందరు కలిసి మాంసం తిన్నాక ఆలస్యంగా వచ్చే ఎలర్జీ రోగుల వివరాలు ప్రచురించారు. ఇంచుమించు అదే కాలంలో ఆస్ట్రేలియాలో షెరిల్ వాన్ న్యూనెన్ అనే వైద్యురాలు కూడా తన దగ్గరికి వచ్చిన రోగుల్లో పిడుదుకాటుకూ మాంసానికీ ఉన్న ముడిని పట్టుకున్నారు.

2023లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2010 నుంచి 2022 దాకా 1,10,000కు పైగా అనుమానిత కేసులు గుర్తించామని, మొత్తం మీద 4,50,000 మంది దాకా దీనికి గురై ఉండవచ్చని చెప్పింది. అదే సమయంలో వైద్యసిబ్బందిని అడిగితే వారిలో నూటికి 42 మంది ఈ జబ్బు పేరే వినలేదన్నారు. అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళి అర్ధరాత్రి దద్దుర్ల సంగతి చెబితే, నిన్న రాత్రి భోజనంలో ఏం తిన్నారు, ఈ ఏడాది పిడుదు కుట్టిందా అని ఆయన అడగకపోవచ్చు. మీరే చెప్పాలి.

ఇప్పుడు పొట్లం దగ్గరికి వద్దాం. అమెరికాలో 2004లో వచ్చిన చట్టం ప్రకారం ఎనిమిది ఎలర్జీ పదార్థాలను పొట్లం మీద తేటగా రాసి తీరాలి. 2021 చట్టంతో నువ్వులు చేరి తొమ్మిదయ్యాయి. పాలు, గుడ్లు, చేప, రొయ్య జాతి, చెట్టుకాయ గింజలు, వేరుసెనగ, గోధుమ, సోయా, నువ్వులు. ఈ తొమ్మిదిలో గొడ్డుమాంసం లేదు, పంది లేదు, గొర్రె లేదు. జంతువు నుంచి తీసిన జెలటిన్ లేదు. వేరుసెనగ పడని బిడ్డ తల్లి పొట్లం అడుగున ఒక్క వాక్యం చూసుకుంటే సరిపోతుంది. ఆల్ఫా-గాల్ బిడ్డ తల్లికి అలాంటి వాక్యమే లేదు. పేరు రాసి ఊరు రాయని ఉత్తరం లాగా ఉంటుంది ఆ జాబితా. గ్లిజరిన్ అని ఉంటుంది, అది కొబ్బరినూనె నుంచి వచ్చిందో గొడ్డు కొవ్వు నుంచి వచ్చిందో ఉండదు. ఇది చట్టంలోని లోపమే అని నా గట్టి అభిప్రాయం. లక్షలమంది ప్రాణానికి సంబంధించిన సంగతి కస్టమర్ కేర్‌లో ఫోనెత్తినవాళ్ళ తెలివిడి మీద ఆధారపడకూడదు.

ఒక పొట్లం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందకి చదువుదాం. సోర్ క్రీమ్, ఉల్లిపాయ రుచి బంగాళాదుంప చిప్స్. అమెరికాలో ఏ పెట్రోలు బంకులోనైనా దొరుకుతాయి. మొదటి మాట బంగాళాదుంపలు. రెండోది నూనె, సన్‌ఫ్లవరో మొక్కజొన్నో కనోలానో. ఇక్కడ చట్టం మనకు సాయం చేస్తుంది. ఏ నూనె, ఏ కొవ్వు వాడారో దాని అసలు పేరుతోనే రాయాలి. పంది కొవ్వైతే లార్డ్ అని, గొడ్డు కొవ్వైతే బీఫ్ ఫ్యాట్ లేక టాలో అని ఉంటుంది. ఈమధ్య బీఫ్ టాలోలో వేయించిన చిప్స్ మళ్ళీ ఫ్యాషనయ్యాయి. అవి ఆ సంగతిని పొట్లం ముందువైపే పెద్దక్షరాల్లో గొప్పగా రాసుకుంటున్నాయి కాబట్టి వాటితో మోసపోయే భయం తక్కువ. ఆ తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్. ఇది మొక్కజొన్న పిండి నుంచి చేసేదే, వదిలెయ్యవచ్చు. ఆ తర్వాత పాలపొడి, వే, మజ్జిగపొడి. వే అంటే పాలు విరిగాక మిగిలే తేట. ఆల్ఫా-గాల్ ఉన్నవాళ్ళలో కొందరికి పాలు కూడా పడవు. పడేవాళ్ళకు ఇవి ఏమీ చెయ్యవు, పడనివాళ్ళు ఇక్కడే ఆగాలి. ఇంకా కిందకి దిగితే లాక్టిక్ యాసిడ్. పేరు పాలను గుర్తు చేస్తుంది గానీ సాధారణంగా మొక్కజొన్న చక్కెరో బీట్ చక్కెరో పులియబెట్టి తీస్తారు. ఆఖరున రెండు మాటలు, న్యాచురల్ ఫ్లేవర్స్.

ఈ రెండు మాటల దగ్గర కాస్త ఆగాలి. అమెరికా ఆహార నిబంధనల్లో న్యాచురల్ ఫ్లేవర్ అంటే ప్రకృతిలోంచి తీసిన రుచిసారం అని అర్థం. పండులోంచి, ఆకులోంచి, బెరడులోంచి తీసింది ఎలాగో మాంసంలోంచి తీసింది కూడా అలాగే ఈ పేరు కిందికి వస్తుంది. ఆ మూలం ఏమిటో వివరించాల్సిన పని కంపెనీకి చాలా సందర్భాల్లో లేదు. ఉల్లిపాయ చిప్స్‌లో అది ఉల్లిసారమే కావచ్చు. బార్బెక్యూ రుచి, కాల్చిన మాంసపు వాసన వచ్చే రకాలు, ఎర్రటి ఘాటు చీజ్ రకాలు అయితే అడిగి తెలుసుకోకుండా తినవద్దని చెబుతాను.

మన భారతీయులకు ఈ రెండు మాటలతో పాత వైరం ఉంది. 1990లో మెక్‌డొనాల్డ్స్ కంపెనీ తన బంగాళాదుంప ఫ్రైస్‌ను ఇకమీదట గొడ్డు కొవ్వులో కాక వంటనూనెలో వేయిస్తామని అమెరికాలో ప్రకటించింది. ఆ మాట నమ్మి శాకాహారులు ఎందరో నిశ్చింతగా తిన్నారు. ఫ్రైస్‌కు చేర్చే రుచిసారంలో బీఫ్ ఉందన్న సంగతి న్యాచురల్ ఫ్లేవర్ అన్న మాట వెనకే ఉండిపోయింది. 2001లో సియాటెల్‌లో హరీష్ భార్తి అనే న్యాయవాది శాకాహారుల తరఫున దావా వేశారు. మరుసటి ఏడాది కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు హిందూ, శాకాహార తదితర సంస్థలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆనాడు మనవాళ్ళు పోరాడింది ఆచారం కోసం, నమ్మకం కోసం. ఈనాడు ఆల్ఫా-గాల్ రోగి అడుగుతున్నదీ అదే ప్రశ్న, ఇందులో ఏ జంతువుంది అని. అందుకే ఈ విషయంలో మన ఇళ్ళలో ఒక అలవాటు ముందే ఉందని నాకు ధైర్యం. దుకాణంలో నిలబడి పొట్లం తిప్పి చదవడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు.

కానీ ఆ అలవాటును కొంచెం దిద్దుకోవాలి. మన దేశంలో పొట్లం మీద పచ్చచుక్క చూసి కొంటాం. ఆ చుక్క ఆల్ఫా-గాల్ వాళ్ళకు నిజంగా పెద్ద సాయమే. పచ్చచుక్క ఉన్న పొట్లంలో చట్టప్రకారం జెలటిన్ ఉండకూడదు, పంది కొవ్వు ఉండకూడదు, మాంసపుసారం ఉండకూడదు. 471 అన్న అంకె కనిపిస్తే అది మోనో, డైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పదార్థం. అమెరికా పొట్లంలో దాని మూలం వెతుక్కోవాలి, పచ్చచుక్క పొట్లంలో జంతువు కొవ్వు నుంచి తీసిందన్న భయం అక్కర్లేదు. అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో ఈ చుక్కతో వచ్చే మిక్స్చర్లూ చేగోడీలూ బోలెడు దొరుకుతాయి. సందేహం తీరని అమెరికన్ చిరుతిండి కంటే అవే మేలు అని చాలాసార్లు అనిపిస్తుంది.

అయితే పచ్చచుక్క పాలను, నెయ్యిని, వెన్నను అడ్డుకోదు. పాలు కూడా పడని ఆల్ఫా-గాల్ రోగికి ఆ చుక్క సగం మాటే చెబుతుంది. మిగతా సగం కోసం కింద రాసిన ఎలర్జీ వాక్యం చూడాలి. మన దేశంలోనూ అమెరికాలోనూ పాలు ఉంటే ఆ సంగతి తప్పక రాయాలి కాబట్టి అది దొరకడం సులువే. ఇంకో తిరకాసు కూడా ఉంది. గుడ్డు ఉన్నా, చేప ఉన్నా మన పొట్లం మీద మాంసాహార గుర్తు పడుతుంది. ఆల్ఫా-గాల్ వాళ్ళకు ఆ రెండూ నిక్షేపం. అంటే గోధుమరంగు గుర్తున్న ప్రతి పొట్లమూ వాళ్ళకు విషం కాదు, పచ్చచుక్క ఉన్న ప్రతి పొట్లమూ అమృతం కాదు.

అమెరికాలో వీగన్ అని రాసి ఉన్నవి ఇంకా దగ్గరగా వస్తాయి, పాలు కూడా ఉండవు కాబట్టి. కానీ ఆ మాటకు అక్కడ ప్రభుత్వ నిర్వచనం లేదు. పైగా వీగన్ పాలల్లో, ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం కారజీనన్ అనే ఎర్ర సముద్రపు నాచు పదార్థం వేస్తారు. జంతువు కాకపోయినా కొంతమంది ఆల్ఫా-గాల్ రోగులు దానికీ ఇబ్బంది పడతారు. మన పొట్లాల మీద అది 407 అన్న అంకెతో ఉంటుంది. నాన్-డెయిరీ అని రాసిన కాఫీ పొడుల్లో పాల నుంచి తీసిన కేసినేట్ ఉండటం మామూలే. జాబితాలో దాని పక్కనే పాల నుంచి వచ్చిందని రాయాలి, అక్కడ చూడండి.

జెలటిన్ దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. పంది లేదా పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేది జెలటిన్. గమ్మీ బిళ్ళల సాగుడు, మార్ష్‌మెలో మెత్తదనం దాని పుణ్యమే. మార్ష్‌మెలో ముక్కలు కలిసిన అటుకుల బార్లు, కొన్ని రకాల పెరుగు, పిల్లల గమ్మీ విటమిన్లు, హాలోవీన్ రోజు పంచే క్యాండీ కార్న్, వీటన్నిట్లో చూసుకోవాలి. హలాల్ అని ఉంటే పంది ఉండదన్నది నిజమే. అందులో పశువుల జెలటిన్ ఉండవచ్చు, ఈ రోగికి రెండూ ఒకటే. యూదుల కోషర్ గుర్తు పక్కన పారెవ్ అని ఉంటే పాలూ మాంసమూ లేవని అర్థం. ఆ గుర్తిచ్చే సంస్థల్లో కొన్ని పశువుల జెలటిన్‌ను కూడా పారెవ్‌గానే ఒప్పుకుంటాయి కాబట్టి ఆ మాట మీద పూర్తిగా ఆనుకోకూడదు. పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసిన గమ్మీలు దొరుకుతాయి, పిల్లలకు అవి కొనండి. హాలోవీన్‌కు ఇచ్చే బుల్లి పొట్లాల మీద పదార్థాల జాబితా ఉండదు చాలాసార్లు, అది పెద్ద సంచి మీదే ఉంటుంది. పక్కింటివాళ్ళు ఆ సంచి పారేసి ఉంటారు. అలాంటి పొట్లాన్ని బిడ్డ చేతిలోంచి తీసుకుని, ఇంట్లో ముందే కొని పెట్టుకున్నది మార్చి ఇవ్వండి.

ఇవన్నీ వింటే ఇంకేం తింటాం అని దిగులు పడేవాళ్ళుంటారు. నిజానికి అందరూ అన్నీ మానక్కర్లేదు. ఆల్ఫా-గాల్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పాలు, పెరుగు హాయిగా తింటారు. చాలామందికి కొద్దిపాటి జెలటిన్ కూడా ఏమీ చెయ్యదు. మాత్రల్లోనూ పొడుల్లోనూ చిటికెడంత ఉండే మెగ్నీషియం స్టియరేట్ లాంటి వాటికి ఇబ్బంది పడేవాళ్ళు ఇంకా తక్కువ. భయానికి ఒక వరస ఉండాలి. ముందు మాంసం, మాంసపు రసం, లార్డ్, టాలో. వాటి తర్వాత జెలటిన్. పాలు మీకు పడతాయో లేదో డాక్టరుతో తేల్చుకోవాలి. గ్లిజరిన్లూ స్టియరేట్లూ ఆఖరు. మొదటివి పూర్తిగా మానేశాక కూడా దద్దుర్లు ఆగకపోతేనే ఆఖరి వాటిని వెతకాలి. ఈ వరస తలకిందులు చేసి, మాత్రలో స్టియరేట్ గురించి నిద్ర మానుకుని, డబ్బాలో వచ్చే రాజ్మా ముద్దలో లార్డ్ ఉందని చూసుకోనివాళ్ళు ఉంటారు. మెక్సికన్ పద్ధతిలో డబ్బాకెక్కించే ఆ చిక్కుడుగింజల ముద్దలో, కొన్ని టోర్టిల్లా రొట్టెల్లో లార్డ్ వేయడం సంప్రదాయం. మాంసం ముట్టని మన ఇళ్ళలోకి కూడా లార్డ్ ఈ దారిలో రావచ్చు. కోడిమాంసపు సాసేజీ అని కొంటే దాని పైపొర పందిపేగు కావచ్చు, అదీ చదువుకోండి.

సందేహం తీరకపోతే కంపెనీని అడగాలి. ఎలా అడుగుతామన్నది ముఖ్యం. ఇందులో మాంసం ఉందా అని అడిగితే లేదనే జవాబొస్తుంది, అవతలి మనిషి ముక్కల మాంసం అనుకుంటారు. ఇందులో ఆవు, పంది, గొర్రె లాంటి జంతువుల నుంచి తీసిన పదార్థం ఏదైనా ఉందా, న్యాచురల్ ఫ్లేవర్, గ్లిజరిన్, ఎంజైములు దేని నుంచి వచ్చాయి అని పేరుపేరునా అడగాలి. చీజ్ పొడుల్లో వాడే ఎంజైములు దూడ కడుపు నుంచో పంది నుంచో తీసినవి కావచ్చు. ఫోను కంటే ఈమెయిల్ మేలు, జవాబు కాగితం మీద ఉంటుంది. మొక్కల నుంచే అని తేటగా రాస్తే సంతోషం. అది మా వ్యాపార రహస్యం అన్నా, ఎలర్జీ ఉంటే డాక్టరును అడగండి అని తప్పించుకున్నా ఆ పొట్లం అల్మరాలోనే ఉండనివ్వండి. ఒకసారి మంచిదని తేలిన పొట్లాన్ని కూడా కొన్న ప్రతిసారీ తిప్పి చూడాలి. అదే పేరు, అదే రంగు ఉంచి లోపలి సరుకు మార్చడం కంపెనీలకు మామూలే.

ఇంకొకటి. ఆలస్యంగా వచ్చే ఎలర్జీ కాబట్టి ఏది తిన్నందుకు వచ్చిందో మర్నాటికి గుర్తుండదు, పొట్లం చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది. పారేసే ముందు పొట్లం వెనకవైపును సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తిన్న టైము ఫొటోలోనే పడుతుంది. రాత్రి దద్దుర్లు వస్తే ఆ టైము కూడా రాసుకోండి. ఇలాంటి ఫొటోలు చేతిలో ఉంటే ఎలర్జీ డాక్టరు పని చాలా తేలికవుతుంది.

ఇక మన ఊళ్ళలో ఉన్న అమ్మలకూ అత్తలకూ. మీరు కట్టి పంపే చిరుతిళ్ళ మీద లేబుల్ ఉండదు. అక్కడ బిడ్డకో అల్లుడికో ఆల్ఫా-గాల్ ఉందని, పాలు కూడా పడవని తెలిస్తే మీరే లేబుల్ రాసి పంపాలి. పప్పుచెక్కలు నూనెతో చేసినా పిండిలో కాచిన వెన్న పోసి కలిపి ఉంటారు, జంతికలు గుల్లగా రావడానికి వెన్నముద్ద వేస్తారు. అది మనకు ఎంత అలవాటంటే, ఏం వేశావమ్మా అని అడిగితే చెప్పడానికి కూడా గుర్తుకు రాదు. సున్నుండలు, పూతరేకులు, బందరు లడ్డు అంతా నెయ్యే. అరిసెలు నేతిలో వేయించారా నూనెలోనా అన్నది ఇంటింటికీ మారుతుంది. నువ్వులుండలు, వేరుసెనగ అచ్చులు, బెల్లం మిఠాయి, కారప్పూస నూనెతోనే చేయవచ్చు. మిఠాయి దుకాణంలో కొని పంపేటట్టయితే దుకాణదారుణ్ణి అడగండి, ఒకే మూకుట్లో నెయ్యీ నూనే కలిపి వాడతారేమో కూడా అడగండి. డబ్బా మూత మీద చిన్న చీటీ అంటించండి, నూనె పేరు, వెన్న వేసిందీ లేనిదీ, నెయ్యి తగిలిందీ లేనిదీ తెలుగులో రాస్తే చాలు.

మందుల మాట కూడా ఒక్క ముక్క. గొట్టం మాత్రల పైతొడుగు జెలటిన్‌దే ఎక్కువ. ఆసుపత్రిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను పందిపేగుల నుంచి తీస్తారు. ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు తమకు ఆల్ఫా-గాల్ ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. శాకాహారులం కదా, ఈ జబ్బుతో మాకేం పని అనుకునే ఇళ్ళలో ఈ మాట మరీ అవసరం. పిడుదు శాకాహారుల్నీ కుడుతుంది. వాళ్ళ ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు మాంసం తినకపోవడం వల్ల బయటపడకుండా ఉండి, ఒకనాడు మందు దగ్గర బయటపడవచ్చు.

ఎవరికివారు అనుమానంతో తిండి మానుకోవద్దు. ఆల్ఫా-గాల్ ఐజీఈ అనే రక్తపరీక్ష ఉంది. అది పాజిటివ్ వచ్చిన అందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. పిడుదులున్న ప్రాంతాల్లో ఏ ఇబ్బందీ లేకుండా మటన్ తినేవాళ్ళకు కూడా ఆ యాంటీబాడీలు కనిపిస్తాయి. పరీక్షనూ, తిన్న తర్వాత ఒంటి తీరునూ కలిపి చూసి ఎలర్జీ నిపుణులే తేల్చాలి. జబ్బు ఉందని తేలితే ఎపినెఫ్రిన్ సూదిమందు పెన్ను రాయించుకుని సంచిలో, ఆఫీసులో, కారు ప్రయాణంలో దగ్గర ఉంచుకోవాలి. ఊపిరి బరువైనా, గొంతు బిగిసినా, కళ్ళు తిరిగినా ముందు ఆ సూది తొడకు పొడిచి, తర్వాత 911కి ఫోను చెయ్యాలి. ఈ ఎలర్జీని కడుపునొప్పే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. న్యూజెర్సీలో ఒకాయన 2024లో బీఫ్ తిన్న కొన్ని గంటలకు చనిపోయారు, కారణం ఆల్ఫా-గాల్ అని తర్వాత వర్జీనియా పరిశోధకులు నిర్ధారించారు. అంతకు రెండు వారాల ముందు కూడా ఆయనకు బీఫ్ తిన్న రాత్రే తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. దాన్ని ఎవరూ ఎలర్జీ అనుకోలేదు.

ఆశ కూడా ఉంది. మళ్ళీ పిడుదు కుట్టకుండా చూసుకుంటే చాలామందిలో ఈ యాంటీబాడీలు ఏళ్ళ మీద తగ్గుతాయి, కొందరు డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా పాలకూ మాంసానికీ తిరిగి వచ్చారు. కాబట్టి వేసవిలో పార్కులకూ కొండలకూ వెళ్ళేటప్పుడు ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి, బట్టలకు పెర్మెత్రిన్ మందు పట్టించండి. ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, పిల్లల జుట్టులో వెతకండి. పిడుదు కనిపిస్తే నలపకుండా, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. ఆ తారీఖు ఎక్కడైనా రాసి ఉంచుకుంటే, ఆర్నెల్లకో ఏడాదికో డాక్టరు అడిగినప్పుడు పనికొస్తుంది.